కార్డ్‌లెస్ మూగబోయిందా? ముందు అడాప్టర్ చూడండి

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ మాటవరసకు "కార్డ్‌లెస్ ఫోన్లు ఇంకా ఎవరు వాడుతున్నారు లెండి" అని రాశాను. వాడుతున్నారట. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు, మిల్లులవాళ్లు, నర్సింగ్ హోమ్‌లవాళ్లు వరుసపెట్టి రాశారు, అందులో సగం ఉత్తరాల్లో నాకు చీవాట్లే. తప్పు ఒప్పుకుంటున్నాను. ఈ నెల శీర్షిక మొత్తం కార్డ్‌లెస్‌కే ఇచ్చేస్తున్నాను. వరంగల్ చౌరస్తా దగ్గర చాలా ఏళ్లు ఫోన్ల రిపేర్ షాపు నడిపినవాణ్ని కాబట్టి నా జవాబుల్లో సోల్డరింగ్ వాసన కొంచెం ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

ప్రశ్న: మా ల్యాండ్‌లైన్ రాగి తీగ తీసేసి ఫైబర్ ఇచ్చారు, నంబరు మాత్రం పాతదే. మా పాత కార్డ్‌లెస్ దీనికి పనికొస్తుందా? ఇదివరకు కరెంటు పోయినా ఫోన్ మోగేది, ఇప్పుడు కరెంటుతో పాటే ఫోనూ పోతోంది. ఎందుకని?
— రిటైర్డ్ టీచర్, హన్మకొండ

పనికొస్తుంది సార్, కొత్తది కొనకండి. ఫైబర్ వాళ్లు గోడకు బిగించి వెళ్లిన తెల్ల డబ్బా ఉంది చూడండి, ఓఎన్‌టీ అంటారు దాన్ని, దాని వెనక ఇంటర్నెట్ కేబుల్ పెట్టే వెడల్పాటి రంధ్రాల పక్కన సన్నటిది ఒకటుంటుంది, మీద ఫోన్ బొమ్మ ఉంటుంది. మీ కార్డ్‌లెస్ బేస్ నుంచి వచ్చే పాత వైరు అందులో గుచ్చండి. డయల్ టోన్ వస్తే పని అయిపోయినట్టే. రాకపోతే ఫోన్ తప్పు కాదు, ఆ పోర్టును వాళ్లు ఆన్ చేయలేదు. చాలాసార్లు ఇంటర్నెట్ వచ్చిందా లేదా చూసుకుని వెళ్లిపోతారు, వాయిస్ సంగతి మనం అడిగితేగానీ గుర్తురాదు.

ఇక కరెంటు సంగతి. రాగి తీగ రోజుల్లో ఎక్స్చేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీలుండేవి, అక్కడి నుంచి 48 వోల్టులు తీగ మీదే మీ ఇంటిదాకా వచ్చేవి. మామూలు ఫోన్ ఆ కరెంటుతోనే బతికేది. అందుకే ఊరంతా చీకట్లో ఉన్నా మోగేది. మీకు గుర్తున్నది ఆ ఫోనే సార్, హాల్లో స్టాండు మీద ఉండే వైరు ఫోన్. కార్డ్‌లెస్ ఎప్పుడూ అలా మోగలేదు, ఎందుకంటే బేస్‌లో రేడియో ఉంటుంది, దానికి గోడ ప్లగ్గు కరెంటు కావాల్సిందే. ఇప్పుడు ఫైబర్ గాజు తీగ, అందులో వెలుతురు తప్ప కరెంటు రాదు, కాబట్టి ఓఎన్‌టీకి ఒక ప్లగ్గు, బేస్‌కు ఒక ప్లగ్గు. రెంటినీ ఇన్వర్టర్ ఉన్న బోర్డు మీదికి మార్చండి. ఒకదాన్ని మార్చి రెండోది మర్చిపోయినవాళ్లు నాకు వారానికొకరు తగులుతారు.

ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకు అమ్మే చిన్న యూపీఎస్ చాలు, కానీ ఒక్క జాగ్రత్త. రౌటర్లకు, ఓఎన్‌టీలకు సాధారణంగా 12 వోల్టులు, కార్డ్‌లెస్ బేస్‌లకు చాలావాటికి 6 వోల్టుల చుట్టుపక్కల. పిన్ను మాత్రం ఒకదానిది ఇంకోదాంట్లో శుభ్రంగా దూరుతుంది, దరిద్రం అదే. ఒకసారి ఒకాయన బేస్‌ను కవర్లో వేసుకుని వచ్చాడు, "ఏం చేయలేదన్నా, ఊరికే ఆగిపోయింది" అంటాడు. మూత తీస్తే పిన్ను పక్కనున్న కెపాసిటర్ తల ఉబ్బి పగిలి ఉంది, కింద బోర్డు టీ మరకలా గోధుమరంగుకు తిరిగింది. "ఏ అడాప్టర్ పెట్టావు తమ్మీ" అంటే అప్పుడు నవ్వాడు. అడాప్టర్ మీద రాసిన వోల్టు, బేస్ కింద స్టిక్కర్ మీద రాసిన వోల్టు ఒకటేనా చూసుకోండి, ప్లస్ మైనస్ బొమ్మ కూడా.

ప్రశ్న: రాత్రంతా చార్జింగ్‌లో పెట్టినా పది నిమిషాలు మాట్లాడేసరికి టీ టీ అని అరిచి ఆగిపోతోంది. కిరాణా షాపులో సన్న పెన్సిల్ సెల్స్ కొని వేస్తే రెండు రోజులు బాగానే ఉంది, తర్వాత హ్యాండ్‌సెట్ వేడెక్కింది. సెట్టే పాడైందా?
— గృహిణి, నర్సంపేట

అయ్యో అమ్మా, ముందు ఆ సెల్స్ తీసేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

తీశారా? గోడ గడియారంలో వేసే సెల్స్ చార్జ్ చేసేవి కావు. వాటిని చార్జింగ్ స్టాండు మీద పెడితే వేడెక్కుతాయి, కారతాయి, ఒక్కోసారి పగులుతాయి. కార్డ్‌లెస్‌లో వేయాల్సినవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్, ఒక్కోటి 1.2 వోల్టులు. చాలా హ్యాండ్‌సెట్లలో రెండుంటాయి, రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే పాతది కొత్తదాన్ని కూడా చంపేస్తుంది. సెల్ మీద 550 అనో 750 అనో ఎంఏహెచ్ అంకె ఉంటుంది. పెద్ద అంకె ఉన్నదైతే ఎక్కువసేపు మాట్లాడొచ్చు, నిండడానికీ ఎక్కువసేపు పడుతుంది. మీ సెట్‌కు వచ్చిందానికి దగ్గరగా ఉన్నది తీసుకోండి. మొదటిసారి పూర్తిగా నిండేదాకా తీయకండి. రెండు మూడేళ్లకోసారి ఈ సెల్స్ మార్చుకోవడమే తప్ప కార్డ్‌లెస్‌కు పెద్దగా వైద్యం అక్కర్లేదు.

స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే దూదిపుల్లను నిమ్మరసంలో అద్ది తుడవండి, రీచార్జబుల్ సెల్‌లోంచి కారేది క్షారం కాబట్టి పులుపుకు దిగుతుంది, తర్వాత తడి లేకుండా ఆరనివ్వండి. స్టాండు మీదున్న రెండు రేకు ముక్కలను కూడా రబ్బరుతో, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతోనే, రుద్దండి. వంటింట్లో పెట్టిన సెట్లకు అక్కడ నూనె జిడ్డు పేరుకుని చార్జింగే ఎక్కదు, మనం సెల్స్‌ను తిడుతుంటాం.

ప్రశ్న: మాకు జిన్నింగ్ మిల్లు ఉంది. ఆఫీసులో చిన్న ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లను కలిపే సొంత ఎక్స్చేంజి) ఉంది. వే బ్రిడ్జి ఆఫీసుకు నూటయాభై మీటర్ల దూరం, అక్కడికి వైరు లాగితే లారీలు తొక్కి తెంపుతున్నాయి. కార్డ్‌లెస్ అందుతుందా? ఇప్పుడు ఆఫీసులో ఉన్న కార్డ్‌లెస్‌తో కాల్ ట్రాన్స్‌ఫర్ చేయబోతే కట్ అవుతోంది, దానికేంటి?
— జమ్మికుంట నుంచి ఒక పాఠకుడు

రెండో దానికి ముందు చెప్తాను, ఎందుకంటే అది పైసా ఖర్చులేని పని. ట్రాన్స్‌ఫర్ కోసం మీరు నొక్కేది ఫ్లాష్ బటన్, కొన్నింటి మీద ఆర్ అని ఉంటుంది. ఆ బటన్ చేసేదల్లా లైన్‌ను కంటి రెప్పపాటు తెంపి మళ్లీ కలపడం. ఎంతసేపు తెంపాలి అన్నది ఎక్స్చేంజిని బట్టి మారుతుంది: కొన్నింటికి 100 మిల్లీసెకన్లు చాలు, కొన్నింటికి 600 కావాలి. మీ ఫోన్ ఎక్కువసేపు తెంపుతోంది, మీ ఈపీఏబీఎక్స్ అది చూసి "పెట్టేశాడు కాబోలు" అనుకుని లైన్ వదిలేస్తోంది. సెట్టింగుల్లో ఫ్లాష్ టైమ్ లేదా రీకాల్ టైమ్ అని ఉంటుంది, దాన్ని తగ్గిస్తూ ఒక్కో మెట్టు దగ్గర ట్రాన్స్‌ఫర్ చేసి చూడండి. ఈ ఒక్క సెట్టింగు తెలియక ఎంతమంది మంచి సెట్లు మూలన పడేశారో నాకు తెలుసు, కొన్ని నేనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, దాచేదేముంది.

ఇక దూరం. డెక్ట్ రకం డిజిటల్ కార్డ్‌లెస్‌కు పెట్టె మీద 300 మీటర్లు అని రాస్తారు, అబద్ధం కాదు, కానీ ఆ లెక్క అడ్డు లేని మైదానంలో. ఇంట్లో అయితే 50 మీటర్లు అని వాళ్లే రాస్తారు. మీ మిల్లులో ఆఫీసుకు, వే బ్రిడ్జికి మధ్య ఏముంది అన్నదే ప్రశ్న. ఖాళీ జాగా ఉంటే అందుతుంది. రేకుల షెడ్డు ఉంటే అందదు, రేకు అంటే రేడియోకు గోడ కాదు, అద్దం, తిప్పికొడుతుంది. పత్తి బేళ్లు పేర్చిన రోజు ఒకలా, లేని రోజు ఒకలా ఉంటుంది, తేమ ఉన్న పత్తి సిగ్నల్‌ను తినేస్తుంది.

నేనైతే ఇలా చేస్తాను: బేస్‌ను ఆఫీసు లోపల బల్ల మీద, ఇనుప బీరువా పక్కన పెట్టకుండా, వే బ్రిడ్జి కనిపించే కిటికీ దగ్గర ఎత్తుగా బిగిస్తాను. ఒక హ్యాండ్‌సెట్ పట్టుకుని మాట్లాడుతూ అటు నడుస్తాను. మాట తెగడం మొదలైన చోట చెప్పు పెట్టి గుర్తు పెట్టుకుంటాను. వే బ్రిడ్జి దాకా తెగకపోతే సంతోషం. సగంలో తెగితే డెక్ట్ రిపీటర్ అని వేరే పరికరం వస్తుంది, దాన్ని మధ్యలో పెట్టొచ్చు, దానికీ కరెంటు ప్లగ్గు కావాలి, మీ బేస్ మోడల్‌కు కుదిరేదే కొనాలి. కొనేముందు షాపువాణ్ని రెండు రోజులు వాడి చూసి వాపసిస్తానని అడగండి, ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.

ఇంకోటి, ఒక బేస్‌కు నాలుగైదు హ్యాండ్‌సెట్లు కలుపుకోవచ్చు, కానీ బయటి లైన్ ఒకటే అయితే బయటి కాల్ కూడా ఒకసారికి ఒకటే. మిగిలినవాళ్లు లోపల్లోపల ఇంటర్‌కమ్‌లో మాట్లాడుకోవచ్చు. కాంటా దగ్గర గుమాస్తా తూకం చెప్పడానికి అదే సరిపోతుంది.

ప్రశ్న: అల్లుడు డాలస్ నుంచి మూడు హ్యాండ్‌సెట్ల కార్డ్‌లెస్ తెచ్చాడు. పెట్టె మీద డెక్ట్ 6.0 అని ఉంది. ఇక్కడ వాడుకోవచ్చా?
— మంచిర్యాల నుంచి ఒక అమ్మ

అల్లుడు ప్రేమగా తెచ్చాడు కాబట్టి మెత్తగానే చెప్తాను: పెట్టెలోనే ఉంచండి.

ఒకటి, అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ మీద 100–240 అని లేకపోతే మన బోర్డులో పెట్టిన మరుక్షణం పొగ. ఇది మార్చుకోవచ్చు, సమస్య కాదు. రెండోదే అసలు సమస్య. యూరప్‌లో, ఆసియాలో చాలాచోట్ల ఈ ఫోన్లు 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుకుంటాయి. అమెరికాలో ఆ జాగా వేరేవాళ్లకు ఇచ్చేశారు కాబట్టి 2005లో కార్డ్‌లెస్‌ల కోసం 1920 నుంచి 1930 దాకా ఇచ్చారు. మన దగ్గర 1920 పైన ఉన్నది మొబైల్ కంపెనీల జాగా, మన సెల్‌ఫోన్లు టవర్‌కు పంపే సిగ్నల్ అందులో వెళ్తుంది. మీ మూడు హ్యాండ్‌సెట్లు అక్కడ మాట్లాడుకోవడమంటే ఎవరి పొలంలోనో మనం బోరు వేసినట్టు. మన దేశంలో ఇలాంటి వైర్‌లెస్ వస్తువులకు కేంద్రం టెలికాం శాఖలో డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం ఉండాలి, ఆ బ్యాండు సెట్‌కు అది ఉండదు.

ఆ 6.0 అంటే ఆరు గిగాహెర్ట్జ్ అనుకుంటారు అందరూ, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కాదు. అంతకుముందు అక్కడ 2.4, 5.8 అని అమ్మేవాళ్లు, దానికంటే పెద్ద అంకె కనపడాలని వేసుకున్న పేరు. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో తెచ్చుకునే సెట్లకు ఈ బాధ తక్కువ, అక్కడ అమ్మేవి ఎక్కువగా యూరప్ రకం, కరెంటూ మనలాంటిదే, ప్లగ్గు కాళ్లు మాత్రం బల్లపరుపుగా ఉంటాయి.

ప్రశ్న: ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు వైపులా ఒకేసారి ఎలా మాట్లాడతారు? డెక్ట్‌కు, మన దేశానికి ఏమైనా సంబంధం ఉందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

ఒకేసారి మాట్లాడరు తమ్మీ, అలా అనిపిస్తుందంతే. ఏనుమాముల మార్కెట్లో ఒక్క కాంటా, ఇరవై నాలుగు మంది రైతులు అనుకో. ఒక్కొక్కడి బస్తా కాంటా ఎక్కి దిగిపోతుంది, వెంటనే ఇంకొకడిది. ఆ తిరుగుడు సెకనుకు వందసార్లు జరిగితే ప్రతివాడూ తన బస్తా ఎప్పుడూ కాంటా మీదే ఉందనుకుంటాడు. డెక్ట్‌లో 10 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేమ్, అందులో 24 గదులు. మొదటి పన్నెండు బేస్ మాట్లాడటానికి, తర్వాతి పన్నెండు హ్యాండ్‌సెట్లు మాట్లాడటానికి. యూరప్ బ్యాండులో ఇలాంటి కాంటాలు పది, అంటే పది వేర్వేరు ఫ్రీక్వెన్సీలు, క్యారియర్లు అంటారు. పన్నెండు పదులు నూట ఇరవై జతలు. ఏ గది ఖాళీగా ఉందో ఎవరూ ముందే రాసిపెట్టరు, పరికరం తనే విని ఖాళీది చూసి కూర్చుంటుంది, మధ్యలో గోల ఎక్కువైతే ఇంకో గదికి మారుతుంది. మాట తెగకుండా మారడమే దాని గొప్ప. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్లలో ఇరవై సెట్లున్నా కొట్టుకోకపోవడానికి కారణం ఇదే.

సంబంధం అంటావా, ఉంది, చాలామందికి తెలియదు. 1992లో యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ దీన్ని ఇంట్లో వాడే ఫోన్ కోసం తెచ్చింది. తొంభైల్లోనే ఐఐటీ మద్రాసులో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం, మైడాస్ కంపెనీతో కలిసి, దీన్నే తీసుకుని ఊళ్లకు తీగ లేని టెలిఫోన్ ఇచ్చే కార్‌డెక్ట్ తయారు చేసింది. ఇంటి గోడకు యాంటెన్నా, దూరంగా టవర్. ఎదురుగా కనిపిస్తే 10 కిలోమీటర్లు వెళ్లేది. ఫోన్‌తో పాటు 35 కిలోబిట్ల ఇంటర్నెట్ కూడా వచ్చేది, ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పట్లో ఊళ్లో ఫోనే లేదు. హాల్లో నడుచుకుంటూ మాట్లాడుకోవడానికి వాళ్లు చేసిన వస్తువును మనవాళ్లు మండలం మీదికి విస్తరించారు, నాకు ఆ ఆలోచన ఇప్పటికీ ఇష్టం. డెక్ట్ చచ్చిపోయిందని కూడా అనుకోకు, దాని కొత్త రూపం డెక్ట్-2020ని 2022లో ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 5జీ ప్రమాణాల్లో చేర్చింది, మీటర్లు, సెన్సర్లు లాంటి వాటి కోసం.

ప్రశ్న: కోడలికి ఇప్పుడు ఆరో నెల. కార్డ్‌లెస్ బేస్ ఆమె మంచం పక్కనే ఉంది. రేడియేషన్ అని అందరూ టెన్షన్ పెడుతున్నారు.
— హుజూరాబాద్

లెక్క చెప్తాను, తర్వాత మీ ఇష్టం. డెక్ట్ సెట్ మాట్లాడే క్షణంలో దాని శక్తి 250 మిల్లీవాట్లు దాకా ఉంటుంది, కానీ ఇరవై నాలుగు గదుల్లో ఒక్క గదిలోనే మాట్లాడుతుంది కాబట్టి సగటున 10 మిల్లీవాట్లు. పాత 2జీ మొబైల్ సిగ్నల్ సరిగా లేనిచోట సగటున దీనికి ఇరవై రెట్ల పైనే విడుదల చేసేది. బేస్ ఎవరూ మాట్లాడకపోయినా "నేనిక్కడున్నాను" అని పిలుస్తూనే ఉంటుంది, అది నిజం, కొన్ని కొత్త సెట్లలో ఈకో మోడ్ పెడితే అదీ తగ్గుతుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం రేడియో తరంగాలను '2బీ' కోవలో, అంటే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండొచ్చు అన్న కోవలో పెట్టింది. ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా అదే కోవలో ఉన్నాయి, అది మన మామిడికాయ తొక్కు కాదు లెండి, కంగారు పడకండి.

బేస్‌ను హాల్లోకి మార్చండి. దూరం పెరిగేకొద్దీ చాలా తొందరగా తగ్గిపోతుంది, పైగా హాల్లో ఉంటేనే ఇల్లంతా బాగా అందుతుంది. తలగడ కింద మొబైల్ పెట్టుకుని పడుకునే అలవాటు ఉంటే ముందు అది మాన్పించండి. అంతకుమించిన అనుమానాలు డాక్టరమ్మను అడగండి, రిపేర్ షాపువాణ్ని కాదు.

ప్రశ్న: కార్డ్‌లెస్‌లో మాట్లాడుతుంటే పిల్లల వైఫై నత్తనడక నడుస్తోంది. రెంటికీ పడదా?
— గోదావరిఖని

సెట్ కింద స్టిక్కర్ చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉందా? మన దగ్గర ఆ రకమూ బాగా అమ్ముడయ్యాయి. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ ఆ వీధిలోనే కాపురం. 1.9 లేదా డెక్ట్ అని ఉంటే వైఫైతో గొడవే ఉండదు. ఫోన్ మార్చే ఉద్దేశం లేకపోతే రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఆన్ చేసి పిల్లల ఫోన్లు దానికి కలపండి.

ప్రశ్న: కార్డ్‌లెస్‌లో మాట్లాడితే పక్కింటివాళ్లకు వినిపిస్తుందంటారు, నిజమేనా?
— జగిత్యాల

ఒకప్పుడు అక్షరాలా నిజం. తొంభైల్లో దుబాయ్ నుంచి తెచ్చిన సెట్లు మన దగ్గర తెగ తిరిగాయి, పొడుగు యాంటెన్నా లాగి మాట్లాడేవి, 46, 49 మెగాహెర్ట్జ్ చుట్టూ పనిచేసే మామూలు ఎఫ్ఎం రేడియోలు అవి. మా బంధువుల ఇంట్లో ఒకటుండేది, కాజీపేటలో. ఒకరోజు సాయంత్రం మా పిన్ని ఎవరికో చేద్దామని హ్యాండ్‌సెట్ ఎత్తితే, వీధి చివరి ఇంటాయన పెళ్లి కట్నం బేరం ఆడుతున్నాడు. పెట్టేయాలి కదా, పెట్టేయలేదు. చేయి మూతికి అడ్డం పెట్టుకుని, కొంగుతో మైకు మూసి, పొయ్యి మీద పప్పు మాడేదాకా విన్నది. ఆ సంబంధం కుదరలేదని మా ఇంట్లోవాళ్లకే ముందు తెలిసింది.

డిజిటల్ సెట్లలో ఇలా ఎత్తితే వినపడదు. అయితే పూర్తి భద్రం అని కూడా అనను. 2008 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో కొందరు పరిశోధకులు చవకైన ల్యాప్‌టాప్ కార్డుతో డెక్ట్ కాల్స్ విని చూపించారు, చాలా సెట్లు మాటను ఎన్‌క్రిప్ట్ చేయకుండానే పంపుతున్నాయని తేలింది. ఆ తర్వాత ప్రమాణాన్ని గట్టిపరిచారు. కొత్తగా కొనేటప్పుడు ఎన్‌క్రిప్షన్ ఉందా అని అడగండి, బేస్ పిన్ 0000 అని ఉంటే మార్చండి. ఓటీపీ మాత్రం ఏ ఫోన్లోనూ చెప్పకండి, దానికి హ్యాకర్లు అక్కర్లేదు, మన నోరు చాలు.

ప్రశ్న: మాది మూడంతస్తుల నర్సింగ్ హోమ్. ప్రతి అంతస్తుకు ఒక కార్డ్‌లెస్ బేస్ కొని పెట్టాం. నర్సు మాట్లాడుతూ మెట్లెక్కితే కాల్ కట్ అవుతోంది.
— కరీంనగర్

మూడు బేస్‌లు కొన్నారు గానీ వాటికి ఒకదానికొకటి పరిచయం లేదు మేడమ్. ఒక హ్యాండ్‌సెట్‌ను నాలుగు బేస్‌ల దాకా నమోదు చేయొచ్చు, కింద ఒకటి, పైన ఒకటి దొరకబుచ్చుకుంటుంది, కానీ కాల్ నడుస్తుండగా మారదు. అలా మారాలంటే మల్టీసెల్ ఐపీ డెక్ట్ కావాలి. బేస్‌లన్నీ మీ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్‌కే కలుస్తాయి, కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే ఇవ్వొచ్చు, ఎక్స్చేంజి పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, నర్సు ఏ అంతస్తుకు వెళ్లినా కాల్ బేస్ నుంచి బేస్‌కు చేతులు మారుతుంది.

ఇక్కడ బిగించేవాళ్లు చేసే తప్పు ఒకటుంది, డబ్బు కట్టేముందు తెలుసుకోండి. ఈ బేస్‌లు చాలావాటిలో టైమింగ్ కలవడానికి ఒకదాని రేడియో ఇంకోదానికి వినపడాలి. దూరదూరంగా పెట్టి "కవరేజీ ఎక్కువ వస్తుంది" అంటారు, వినపడకపోతే చేతులు మారడమే ఉండదు. స్లాబును దాటి రేడియో పైకి వెళ్లడం కష్టం కాబట్టి బేస్‌లను మెట్ల దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టించండి. ఎక్స్‌రే గది గోడల్లో సీసం ఉంటుంది, లిఫ్టు అంటే ఇనుప పెట్టె, ఈ రెంటి వెనక ఏమీ ఆశించకండి. పరీక్షకు వచ్చినవాడు హాల్లో నిలబడి "హలో హలో" అంటే ఒప్పుకోకండి, హ్యాండ్‌సెట్ చేతిలో పెట్టి అన్ని మెట్లూ ఎక్కించి దించండి.

ప్రశ్న: ఉరుములప్పుడు కార్డ్‌లెస్ తీసేయాలా?
— ములుగు

మృగశిర కార్తె మొదటి వానకు నా షాపు ముందు లైన్ కట్టేవాళ్లు, అన్నీ పేలిన బేస్‌లే. రాగి తీగ ఇంకా ఉన్నవాళ్లు ఫోన్ వైరూ తీయండి, అడాప్టరూ తీయండి, ఒకటి తీస్తే సగం పనే. ఫైబర్ గాజు కాబట్టి దాని మీద పిడుగు రాదు, కరెంటు వైపు నుంచి మాత్రం వస్తుంది. పిడుగులు మొదలైపోయాక ఆ వైర్లు ముట్టుకోకండి, మబ్బు పట్టినప్పుడే తీసి పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మ హ్యాండ్‌సెట్ ఎక్కడో పెట్టి మర్చిపోయింది, రెండు వారాలైంది. బేస్ మీద బటన్ నొక్కినా మోగడం లేదు. ఇంకో కంపెనీ హ్యాండ్‌సెట్ కొని తగిలించొచ్చా?
— పరకాల

రెండు వారాలంటే బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఇక మోగదు. పేజ్ బటన్ మొదటి రోజే నొక్కాల్సింది. ఇంకో కంపెనీది కూడా కలుస్తుంది, రెండింటి మీదా గ్యాప్ అని రాసుంటే, అంటే వేర్వేరు కంపెనీల డెక్ట్ సెట్లు కలవడానికి పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి. బేస్ మీద అదే బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ నొక్కి, పిన్ అడిగితే 0000 కొట్టండి. మాటలు నడుస్తాయి, ఫోన్‌బుక్కు, ఇంటర్‌కమ్ లాంటివి నడవొచ్చు, నడవకపోవచ్చు.

కానీ కొనేముందు ఇంకోసారి వెతకండి. సోఫా సందులు మీరు చూసే ఉంటారు. దేవుడి గది, పాత చీరల బీరువా, ఉతకాల్సిన బట్టల బుట్ట చూడండి. మా అమ్మది బియ్యం డబ్బాలో దొరికింది, బియ్యం తీస్తూ మాట్లాడుతోందట.